ఉద్యమంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు గుండె నిబ్బరాన్ని ఎలా కాపాడుకుంటున్నారు?

ముంపు_ఊరివాడు (దేవరకొండ ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరు ఒక జలాశయం కింద పోతున్నది. పరిహారం తేలలేదు, పునరావాస స్థలం తేలలేదు, కట్ట మాత్రం ఏటికేడు పెరుగుతున్నది. నాలుగేళ్లుగా నిర్వాసితుల కమిటీలో పని చేస్తున్నాను. అర్జీలు రాయడం, కోర్టు వాయిదాలు గుర్తుపెట్టుకోవడం, శిబిరానికి మనుషులను పోగు చేయడం, విలేకరులకు ఫోన్లు చేయడం అన్నీ నా మీదనే పడ్డాయి. పరిహారం లెక్కలు వేరే చోట అడుగుతాను. ఇక్కడ నా గురించే అడగాలనుకుంటున్నాను, అలా అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మూడు నెలలుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తున్నది. వెంటనే చేయి ఫోన్ మీదికి పోతుంది. కమిటీ వాట్సాప్ గ్రూపులో రాత్రి ఎవరో పెట్టిన పుకారు ఉంటుంది: రేపు పోలీసులు వస్తారనో, ఫలానా ఇంటివాళ్లు విడిగా సంతకం పెట్టేశారనో. అది చదివాక ఇక నిద్ర రాదు. పోయిన వారం ఐదో తరగతి చదివే నా బిడ్డ లెక్క అడగడానికి వస్తే ఎంత గట్టిగా అరిచానంటే, ఆ రోజు నుంచి పుస్తకం పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికే పోతున్నది. నా భార్య ఒక్కటే మాట అన్నది: "నువ్వు ఇంట్లో ఉన్నా శిబిరంలోనే ఉంటున్నావు."

అంతకన్నా నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉన్నది. మా పక్కింటి పెద్దాయన చనిపోయాడు. నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయిన మనిషి. ఆ వార్త విన్నప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, కొత్త అర్జీలో ఆయన సంతకం ఇక పనికిరాదు కదా అని. ఏడుపు రాలేదు. దహనానికి పోయి వచ్చిన తరువాత కూడా రాలేదు.

ఈ జిల్లాల్లో నాకన్నా ముందు, నాకన్నా ఎక్కువ చూసినవాళ్లు ఉన్నారు. మీరు ఎలా నిలబడ్డారో, ఎక్కడ నిలబడలేకపోయారో దయచేసి రాయండి.

పాత_బడిపంతులు (సూర్యాపేట)

తమ్ముడూ, పెద్దాయన సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. ఏడుపు రానంత మాత్రాన నీవు రాయివి కాలేదు. మోయవలసిన దానికన్నా ఎక్కువ మోస్తున్నవాడి మనసు ముందుగా మూసేసేది ఆ తలుపునే. బరువు కొంచెం దిగిన తరువాత, ఎవరూ అనుకోని రోజున ఆ ఏడుపు వస్తుంది. అప్పుడు దాన్ని ఆపుకోవద్దు.

నేను ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన రెండు ఉద్యమాలు చూసినవాణ్ని. 1969లో నల్గొండలో పి.యు.సి. చదువుతుండగా నెలల తరబడి తరగతులు జరగలేదు, ఒక విద్యా సంవత్సరం పోయింది, చివరకు చేతికి ఏమీ రాలేదు. ఆ తరంలో చాలామంది ఆ ఓటమిని ఎవరితోనూ మాట్లాడకుండా నలభై ఏళ్లు లోపల పెట్టుకుని బతికారు. 2009లో మళ్లీ మొదలైనప్పుడు నేను పదవీ విరమణకు దగ్గరపడ్డాను, విరమణ తరువాత జేఏసీ (ఉద్యమ సంఘాల ఐక్య కార్యాచరణ కమిటీ) శిబిరం బాధ్యత నాకు అప్పగించారు.

శిబిరంలో మా దగ్గర ఒక వంతుల పుస్తకం ఉండేది. వంద పేజీల మామూలు నోటు పుస్తకం. రిలే నిరాహార దీక్షలో ఏ రోజు ఎవరు కూర్చోవాలన్నది నెల ముందే అందులో రాసేవాళ్లం: సోమవారం న్యాయవాదులు, మంగళవారం ఫలానా వాడకట్టు, బుధవారం ఉపాధ్యాయులు, ఇలా. ఆ రోజు వంతు లేనివాడు ఇంటికి పోవచ్చు, పొలానికి పోవచ్చు, సినిమాకు కూడా పోవచ్చు, ఎవరూ తప్పు పట్టకూడదన్నది మా కట్టుబాటు. ఆమరణ దీక్ష ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెడుతుంది, రిలే దీక్ష అలసటను వందమందికి పంచుతుంది. వందల రోజులు శిబిరాలు నడిచాయంటే ఆ పంపకం వల్లనే నడిచాయని నా నమ్మకం. ఒకసారి వరినాట్ల కాలంలో ఆ పుస్తకం రాయడం ఆగిపోయింది. ఆ పదిహేను రోజులూ మేం నలుగురమే కూర్చున్నాం. పదహారో రోజున ఆ నలుగురిలో ఇద్దరు చాలా చిన్న విషయానికి, టెంటు కిరాయి లెక్క మీద, చేయి చేసుకునేదాకా వచ్చారు. వాళ్లు ముప్పై ఏళ్ల స్నేహితులు. నీవు రాసిన జాబితా, అర్జీలు, వాయిదాలు, మనుషులు, విలేకరులు, చదివితే నాకు ఆ పదిహేను రోజులే గుర్తుకొచ్చాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. 2009 డిసెంబరు 9 రాత్రి రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చింది, టపాకాయలు కాల్చుకున్నాం, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అదే నెల 23న మాట వెనక్కి పోయింది. పద్నాలుగు రోజుల్లో అంత ఎత్తు నుంచి అంత లోతుకు పడిన పిల్లల్లో కొందరిని మనం పోగొట్టుకున్నాం. ఆ రోజుల్లో వేదికల మీద నేనూ మాట్లాడాను, పోయిన పిల్లలను గొప్ప మాటలతో కీర్తించాను. వాళ్లను గుర్తుచేసుకోవడం మన బాధ్యత, అందులో సందేహం లేదు. కానీ కింద కూర్చుని వింటున్న ఇరవై ఏళ్ల పిల్లవాడికి నా మాటలు ఎలా వినపడుతున్నాయో నేను ఆలోచించలేదు. పోయినవాళ్లకు దండలు పడుతుంటే, బతికి పని చేస్తున్నవాడి పేరు ఎవరూ పలకకపోతే, వాడికి ఏం అర్థమవుతుంది? అది తెలిసొచ్చాక మా పట్టణంలో మేం రెండు పనులు చేశాం. హాస్టళ్లలో ఏ పిల్లవాడూ ఒంటరిగా పడుకోకుండా చూశాం. సభలో ప్రతి ఉపన్యాసకుడూ రేపు చేయవలసిన పని ఒకటి చెప్పి దిగాలన్న నియమం పెట్టుకున్నాం. ఆ నియమం ముందే పెట్టుకోలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉన్నది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)

పంతులు గారికి నమస్కారం. మీ వంతుల పుస్తకం గురించి చదివి సంతోషించాను, కానీ ఒక మాట చెప్పాలి సార్. దీక్షకు వంతు ఉన్నది, వంటకు వంతు లేదు. ఆ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉండేవో నాకు తెలియదు కానీ, దీక్షలో కూర్చున్నవారి ఇళ్లలో పిల్లలను, ముసలివాళ్లను, అప్పులవాళ్లను ఎవరు చూసుకున్నారో నాకు తెలుసు.

మా ఆయన ఆర్టీసీ కండక్టరు. 2019 అక్టోబరు 5న సమ్మె మొదలైంది, మరుసటి రోజే సద్దుల బతుకమ్మ. దసరా, దీపావళి రెండూ ఆ సమ్మెలోనే వచ్చాయి. నవంబరు 25న ముగిసేటప్పటికి 52 రోజులు. పండుగకు పిల్లలకు బట్టలు కొనలేకపోవడం పెద్ద కష్టం కాదు. ఇంట్లో మగమనిషి మాట్లాడటం మానేయడమే కష్టం. పొద్దున డిపో దగ్గర నినాదాలు ఇచ్చి గొంతు పోగొట్టుకుని వచ్చేవారు, సాయంత్రం గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఏమన్నా అడిగితే "నీకేం తెలుసు" అనేవారు. తోటి కార్మికుల మరణవార్తలు టీవీలో వచ్చిన రోజుల్లో మా కాలనీలో భార్యలం ఎవరమూ రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు. ఆయన నీళ్లు తాగడానికి లేచినా నేను లేచి కూర్చునేదాన్ని.

రెండో వారంలో మేం తొమ్మిది మంది ఆడవాళ్లం ఒక పని మొదలుపెట్టాం. సాయంత్రం ఆరు గంటలకు ఒకరి ఇంటి ముందు కూర్చోవడం. మొదట బియ్యం, పప్పు ఎవరింట్లో ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్క వేసుకునేవాళ్లం. చిట్టీ కట్టలేనివాళ్ల తరఫున చిట్టీ నడిపే ఆమెతో అందరం కలిసి పోయి మాట్లాడాం, ఆమె రెండు నెలలు ఆగడానికి ఒప్పుకున్నది. లెక్కలు అయిపోయాక ఎవరో ఒకరు ఏడ్చేవారు. ఎవరమూ ఓదార్చే మాటలు చెప్పలేదు, ఆ మాటలకు అర్థం లేదని అందరికీ తెలుసు. టీ తాగి లేచేవాళ్లం. కొన్నాళ్లకు మగవాళ్లు కూడా ఆ అరుగు మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మా ఆయన సమ్మె గురించి నాతో మొదటిసారి పూర్తిగా మాట్లాడింది అక్కడే, పదిమంది ముందు.

ముంపు ఊరి అన్నా, మీ ఇంటి ఆమె అన్న మాట నిందగా తీసుకోకండి. తనను కూడా శిబిరంలోకి రానివ్వమని ఆమె అడుగుతున్నదేమో ఒకసారి ఆలోచించండి.

కల్వకుర్తి_యువకుడు

పెద్దల మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఈ చర్చ నాకు కొంచెం కష్టంగా ఉన్నది. మా తాత, మా నాయన పాలమూరు లేబర్ పేరుతో దేశమంతా తిరిగి మట్టి మోసినవాళ్లు. వాళ్లు ప్రశాంతంగా ఉండాలని ఎవరూ చెప్పలేదు, ప్రశాంతంగా ఉండి ఉంటే మాకు ఒక్క చుక్క నీరు కూడా వచ్చేది కాదు. నెల జీతం వచ్చేవాడికి విశ్రాంతి దొరుకుతుంది. భూమి పోతున్నవాడు నిద్రపోతే, లేచేటప్పటికి జేసీబీ పొలంలో ఉంటుంది. కోపం చల్లారితే ఉద్యమం చల్లారుతుంది. మనసు బాగుచేసుకోవడం మీద ఇంత మాట్లాడితే, మనసుకు ఆ గాయం చేసినదాని మీద మాట్లాడటం తగ్గిపోతుందని నా భయం.

మనోమిత్ర (నల్గొండ)

నేను మానసిక ఆరోగ్య రంగంలో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. ముందుగా కల్వకుర్తి తమ్ముడికి: మీ భయం సరైనదే. అన్యాయం వల్ల వచ్చిన బాధను జబ్బుగా మాత్రమే చూపి, మాత్రలు ఇచ్చి పంపించడం తప్పు. అన్యాయాన్ని చూసి కోపం రావడం ఆరోగ్యవంతమైన మనసు లక్షణం. అయితే కోపం వేరు, అలసట వేరు. కోపం ఉన్నవాడికి ఎవరి మీద కోపమో స్పష్టంగా తెలుస్తుంది. అలసట ముదిరినవాడి కోపానికి ఆ గురి తప్పుతుంది, దగ్గర ఉన్నవాళ్ల మీద పడుతుంది. లెక్క అడిగిన బిడ్డ మీద పడింది చూశారు కదా. ఉద్యమాలు నడిపేవారికి నష్టం చేసేది ఈ గురి తప్పడమే, ఎందుకంటే ఆ తరువాత అది తోటి కార్యకర్తల మీదికి పోతుంది. పంతులు గారు చెప్పిన టెంటు కిరాయి గొడవ అదే.

శరీరంలో జరిగేది ఇది. ప్రమాదం ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలై గుండె వేగం పెంచుతాయి, కండరాలను బిగిస్తాయి, నిద్రను దూరం చేస్తాయి. పాము కనపడినప్పుడు అది మనల్ని కాపాడే ఏర్పాటు. ప్రమాదం నాలుగేళ్లు సాగితే ఆ ఏర్పాటు ఆగే అవకాశమే దొరకదు. తెల్లవారుజామున మెలకువ, చిరాకు, మరపు, దేనికీ చలించకపోవడం, ఇవన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఇంగ్లీషులో బర్న్‌అవుట్ అంటున్న ఈ స్థితిని 1974లో వివరించిన అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని గమనించింది పేదలకు ఉచితంగా వైద్యం చేసే న్యూయార్క్ క్లినిక్‌లో పని చేసే స్వచ్ఛంద సేవకుల్లో. తనలోనూ గమనించాడు. అందరికన్నా ఎక్కువ అంకితభావం ఉన్నవారే ముందుగా దీనికి గురవుతున్నారని రాశాడు. అందువల్ల, ముంపు ఊరి సోదరా, ఇది మీ బలహీనతకు గుర్తు కాదు.

ఏం చేయాలని అడిగారు. ఫోన్‌ను మంచం దగ్గర పెట్టుకోకండి, వేరే గదిలో పెట్టండి. అత్యవసరమైతే తలుపు తట్టే మనిషి ఊళ్లో ఉంటాడు. రాత్రి వచ్చిన పుకారును రాత్రి సరిచూడటం సాధ్యం కాదు, కాబట్టి అది చదవడం వల్ల నిద్ర చెడడం తప్ప వేరే ఫలితం లేదు. మెలకువ వచ్చి ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం మీద పొర్లకుండా లేచి కాసేపు ఆరుబయట కూర్చోండి, నిద్ర వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి. నిద్ర కోసం మద్యం తాగడం మొదలైతే వెంటనే జాగ్రత్తపడండి. తాగితే తొందరగా నిద్ర పట్టినట్టు అనిపిస్తుంది కానీ తెల్లవారుజామున మెలకువను అది ఇంకా పెంచుతుంది. ఈ ప్రాంతపు ఉద్యమాల్లో నేను చూసిన పెద్ద నష్టాల్లో ఇది ఒకటి, దాని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఆకలి, నిద్ర పూర్తిగా దెబ్బతిన్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా డాక్టరును కలవండి. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, వాటి ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగానికి పోవచ్చు. అంతదూరం పోలేనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ అది, ఉచితం, పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తోటివాళ్లలో ఎవరి మీదైనా అనుమానం వస్తే పక్కన కూర్చుని నేరుగా అడగండి. ప్రాణం తీసుకునే ఆలోచన వస్తున్నదా అని అడిగితే ఆ ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు, అడగడం వల్ల ఆ మనిషికి ఊపిరి అందుతుంది. కేసు అవుతుందేమో అని ఆసుపత్రికి తీసుకుపోవడానికి వెనకాడేవారు కూడా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని చెప్పింది.

నల్లకోటు (దేవరకొండ)

ఒక చిన్న చేర్పు. రాత్రి మూడింటికి నిద్ర చెడగొట్టే భయాల్లో సగం కేసుల గురించే అని నా దగ్గరికి వచ్చేవాళ్లను చూసి చెప్పగలను. తెలియనిదాని భయం తెలిసినదాని భయం కన్నా పెద్దది, కాబట్టి తెలిసి ఉండండి. ముందస్తు అరెస్టుకు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 170వ సెక్షన్ వాడతారు. ఆ సెక్షన్ కింద, వేరే చట్టం అవసరం పడితే తప్ప, 24 గంటలు దాటి ఉంచడానికి వీల్లేదు. ముందస్తు నిర్బంధ చట్టాల కింద తప్ప, ఏ అరెస్టు అయినా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతున్నది. బైండోవర్ అంటే శిక్ష కాదు, శాంతిభద్రతలకు భంగం కలిగించనని రాసిచ్చే పూచీకత్తు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉన్నది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సహాయం హక్కుగా వస్తుంది. కమిటీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక న్యాయవాది నంబరు కాగితం మీద రాసి ఉంచండి. మా ఊళ్లలో ఆ కాగితం జేబులో పెట్టుకున్నవాళ్లు నిద్రపోతున్నారు.

మర్రిగూడ_నీళ్లు

మాది మర్రిగూడ మండలం. మా పోరాటం నీళ్ల కోసం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లు, ఎముకలు పాడవుతాయి. మేం తాగిన బోరు నీళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ప్రపంచమంతటి పుస్తకాల్లో మా జిల్లా పేరు అలా ఎక్కింది, మా ఎముకలు మాత్రం వంగుతూనే ఉన్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. దుశర్ల సత్యనారాయణ గారి నాయకత్వంలో జల సాధన సమితి మా గోస దేశానికి వినిపించడానికి ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పుస్తకమంత అయింది. మా మామ వేసిన నామినేషన్ కాగితాన్ని మా అత్త ఇప్పటికీ బియ్యం డబ్బా కింద దాచిపెట్టింది.

ఇంటింటికీ మంచినీరు ఇస్తామన్న పథకానికి చౌటుప్పల్ దగ్గర పైలాన్ వేసింది 2015 జూన్‌లో. రెండింటి మధ్య 19 ఏళ్లు. ఆ మధ్య కాలంలో ఎలా ఉన్నామని నన్ను అడగండి. నీళ్లు వచ్చినా వంగిన ఎముక నిటారుగా కాదు, అది అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ బాధితుడైన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయేదాకా ఎవరు పిలిచినా వచ్చేవాడు, తన శరీరాన్నే సాక్ష్యంగా చూపించేవాడు. తనకు ఇక మేలు జరగదని తెలిసి కూడా వచ్చే మనిషిని చూసిన తరువాత, మాకు ఏం వస్తుందన్న ప్రశ్న మా నోట రాలేదు.

మేం నిలబడింది చిన్న లెక్కల మీద. పెద్ద ఫలితం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు దాన్నే చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అందుకని ఈ నెల బడిలో ఎంతమంది పిల్లల పళ్లు చూశాం, ఎన్ని బోర్ల నీళ్లు పరీక్షకు పంపాం, ఎన్ని ఊళ్లలో పాటల బృందం తిరిగింది, ఇవి రాసుకునేవాళ్లం. ఒక ఏడాది మొత్తం మీద జరిగింది ఒక బడిలో నీళ్లు మారడమే. ఆ రోజు బడి ముందు డప్పు కొట్టించాం, పులిహోర వండుకుని తిన్నాం. బయటివాళ్లకు వింతగా అనిపించి ఉంటుంది. మాకు మాత్రం ఆ డప్పు ఇంకో ఏడాదికి సరిపడే బలం ఇచ్చింది. కల్వకుర్తి తమ్ముడూ, కోపం అవసరమే, నేను కాదనను. కానీ 19 ఏళ్లు ఒక్క కోపం మీదనే ఎవరూ నడవలేరు.

అమ్రాబాద్_అంచు

గెలిచిన తరువాత వచ్చే కుంగుబాటు గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని 2019లో మా దగ్గర ఊరూరా, పెంటపెంటకూ (చెంచుల గూడేలకు) తిరిగాం. ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ రోజు రాత్రి ఊరంతా సంబరంలో ఉంటే నేను ఒక్కడినే ఇంటి వెనక కూర్చున్నాను. మరుసటి నెలంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. రోజుకు పది ఫోన్లు వచ్చే మనిషికి ఒక్కటీ రాకపోతే తానెవరో తనకే తెలియకుండా పోతుంది. కలిసి తిరిగినవాళ్లు ఎవరి పార్టీలోకి వాళ్లు, ఎవరి పనిలోకి వాళ్లు పోయారు. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో విరమించిన తరువాత దళాల్లో పని చేసిన ఆడవాళ్లను తిరిగి పొయ్యి దగ్గరికే పంపించారని, ఆ బాధ వాళ్లు ముసలితనం దాకా చెప్పుకున్నారని మా అమ్మమ్మ తరం మాటల్లో విన్నాను. ఆ మాటలకు అర్థం నాకు 2019లో తెలిసింది.

నన్ను మళ్లీ మనిషిని చేసింది మా చెంచు మిత్రుడు. తేనె తీయడానికి అడవిలోకి తీసుకుపోయాడు. రెండు రోజులు ఉద్యమం మాట ఎత్తలేదు. ముంపు ఊరి అన్నా, మీ పోరాటం తేలేలోపే ఇంకేదో ఒక పని, మీ కమిటీతో ఏ సంబంధమూ లేనిది, చేతిలో ఉంచుకోండి.

కల్వకుర్తి_యువకుడు

అందరి రాతలూ రెండుసార్లు చదివాను. నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, విశ్రాంతి అందరికీ సమానంగా దొరకదన్నది నిజమే. అయితే మనోమిత్ర గారు చెప్పిన గురి తప్పడం నా దగ్గర కూడా ఉన్నది. మా అన్నతో నేను మాట్లాడక ఎనిమిది నెలలైంది. కారణం పార్టీ విషయంలో ఒక ఫేస్‌బుక్ పోస్టు. ఇంతకన్నా ఇక్కడ రాయలేను.

ముంపు_ఊరివాడు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

పంతులు గారూ, నోటు పుస్తకం కొన్నాం. కమిటీలో చదివి వినిపిస్తే ముందు ఎవరూ ఒప్పుకోలేదు, "నువ్వు లేకపోతే ఎట్లా" అన్నారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేదని, దానివల్లే ఎవరికీ ఏ పనీ నేర్పలేదని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు కోర్టు వాయిదాలు డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు చూస్తున్నారు. ఒక తేదీ తప్పు రాసుకున్నారు, నల్లకోటు గారు సరిచేశారు. విలేకరులతో మాట్లాడటం ఇంకా ఎవరూ తీసుకోలేదు.

ఫోన్ వంటింట్లో పెడుతున్నాను. మూడింటికి మెలకువ ఇంకా వస్తున్నది, కానీ వారంలో నాలుగు రోజులు మళ్లీ నిద్ర పడుతున్నది. నల్గొండకు పోయి డాక్టరును కలిశాను. ఇంట్లో చెప్పే పోయాను, ఊళ్లో చెప్పలేదు.

పిల్లలమర్రి అక్కా, మీరు అన్నదే నిజం. నా భార్యను అడిగితే, రెండేళ్లుగా నేను పిలుస్తానేమో అని చూసి చూసి ఊరుకున్నానన్నది. మొన్న మంగళవారం శిబిరంలో ఆడవాళ్ల వంతు పెట్టాం, పదకొండు మంది కూర్చున్నారు. ఆ రోజు వంట నాది. పప్పులో ఉప్పు ఎక్కువైంది, నా బిడ్డ చెప్పింది. అన్నం తిన్నాక పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నది, కానీ లెక్క అడగలేదు, తనే చేసుకున్నది.

మీ అరుగు మీద మగవాళ్లు వచ్చి కూర్చోవడానికి ఎన్నాళ్లు పట్టిందో, వాళ్లను ఎవరు ఎలా పిలిచారో వీలైతే రాయండి అక్కా. ఇక్కడ ఇంకా ఎవరూ రావడం లేదు.